నోట పాడి, చేత మీటే మాండలిన్

పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్‌కు కర్ణాటక సంగీతం నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. అందుకే పాఠం ఒకే తీరున నడిచేది: గురువు పాడేవారు, తండ్రి సత్యనారాయణ వాయిద్యాన్ని చేతపట్టిన ఆ పిల్లవాడు విన్నదాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో గురువు చూపగలిగేవారు కాదు. చెవి చెప్పింది, చెయ్యి విన్నది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ, 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్లకే ఆయన వెళ్లిపోయారు.

అంతటి ప్రతిభ అందరికీ దక్కదు. ఆయన నేర్చుకున్న పద్ధతి మాత్రం ఎవరికైనా అందుతుంది. పాట విని, నోట పాడి, తీగ మీద పలికించడం సరదాగా నేర్చుకునేవారికి కూడా సరైన దారి.

మాండలిన్ ఇటలీ వాయిద్యం. ఇప్పుడు మనం చూసే రూపం 18వ శతాబ్దంలో నేపుల్స్ నగరంలో స్థిరపడింది. ఎనిమిది తీగలు, నాలుగు జతలు. వాటి శ్రుతి వయొలిన్ శ్రుతే. తీగ పొడవు తక్కువ కాబట్టి మీటిన స్వరం త్వరగా ఆరిపోతుంది. స్వరం నిలవాలంటే పిక్‌తో కిందికీ పైకీ ఆపకుండా వేగంగా మీటాలి. సినిమా పాటల్లో మనకు పరిచయమైన ఆ గలగల అలా వచ్చిందే.

కర్ణాటక సంగీతానికి ఆ గలగల చాలదు. మన రాగానికి ప్రాణం గమకం. తోడి రాగంలో గాంధారాన్ని ఒక మెట్టు మీద నొక్కి వదిలేస్తే అది తోడి అనిపించుకోదు. ఆ స్వరం ఊగాలి. వీణలో మెట్టు మీద తీగను పక్కకు లాగి ఆ ఊపు తెస్తారు. మాండలిన్‌లో జంట తీగలను అలా లాగితే రెండూ సమానంగా సాగవు, శ్రుతి చెదురుతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఒంటి తీగ లాగడానికి లొంగుతుంది. ఆంప్లిఫయర్ వల్ల స్వరం నిలుస్తుంది కాబట్టి ఒక్క మీటులోనే జారు, కంపితం వంటి గమకాలు పూర్తవుతాయి. మెట్లు దగ్గరదగ్గరగా ఉండడంతో వేలి చిన్న కదలికకే స్వరం చాలా దూరం జారుతుంది. మరో పాశ్చాత్య వాయిద్యమైన వయొలిన్ సుమారు రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితార్ వంటివారి చేతుల్లో మనదైంది. మాండలిన్ మన కళ్లముందే మనదైంది.

కొత్తగా మొదలుపెట్టేవారు ఎలక్ట్రిక్ వాయిద్యం కోసం ఆగనక్కర్లేదు. మామూలు ఎనిమిది తీగల మాండలిన్‌లోనే మన తొలి పాఠానికి చక్కని వీలుంది. అన్నిటికంటే లావు జతను షడ్జమం అనుకుంటే పక్క జత పంచమం అవుతుంది. ఆడవాళ్లు ఎక్కువగా పాడే ఐదు శ్రుతి అదే. మగ గొంతుకు రెండు శ్రుతి కావాలంటే షడ్జమాన్ని ఒక జత పక్కకు జరిపితే సరి. ఇక సరళీ స్వరాల రాగం మాయామాళవగౌళ: ఖాళీ తీగ స, మొదటి మెట్టు రి, నాలుగో మెట్టు గ, ఐదో మెట్టు మ. పక్క జత మీద కూడా అవే స్థానాలు: ఖాళీ తీగ ప, మొదటి మెట్టు ద, నాలుగు ని, ఐదు పై షడ్జమం. ఈ రాగం పూర్వాంగం (స రి గ మ), ఉత్తరాంగం (ప ద ని స) ఒకే కొలతలో ఉండడం వల్ల ఒక జత మీద నేర్చినది రెండో జతకూ పనికొస్తుంది. వేళ్లు కుదిరాక జంట స్వరాలు, అలంకారాలు, ఆపైన మోహనంలో గీతం.

ఇదంతా ఒంటరిగా చేయవచ్చు. నలుగురు కలిస్తే త్వరగా వస్తుంది, ఆనందమూ ఎక్కువ. మాండలిన్ చాలా చోట్ల బృందాల్లో పెరిగింది. ఇటలీలో ఔత్సాహికుల మండళ్లు, అమెరికాలో 20వ శతాబ్దం తొలినాళ్ల మాండలిన్ ఆర్కెస్ట్రాలు, జపాన్ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి బృందాలు దానికి సాక్ష్యం. మన దగ్గర ఒక మహావిద్వాంసుడి వల్ల వాయిద్యానికి పేరొచ్చింది. ఔత్సాహికుల కూటములు పెరగాల్సి ఉంది.

కూటమి నడపడం కష్టమేమీ కాదు. ఒకరు వరుస పాడాలి, ఒకరు తాళం వేయాలి, ఇద్దరు వాయించాలి. తర్వాత పనులు మారాలి. పాడేవారికి గొప్ప గాత్రం అక్కర్లేదు, స్వరస్థానం తప్పకపోతే చాలు. ఇద్దరి మీటు కలవకపోతే ఒకే స్వరం రెండుగా వినిపిస్తుంది కాబట్టి లయలో తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. పాడలేని సంగతిని వాయించబోతే వేళ్లు తడబడతాయి. ఆగి, మళ్లీ పాడుకుని వాయిస్తే దారి దొరుకుతుంది.

అండమాన్ దీవుల్లోని తెలుగువారికి ఈ పద్ధతి ప్రత్యేకంగా పనికొస్తుంది. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో దాదాపు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు విశాఖ నుంచి సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. మాండలిన్ గురువు దగ్గర్లో దొరకకపోయినా, నాలుగు కీర్తనలు పాడే పిన్నిగారో, తాళం తెలిసిన మాస్టారో కూటమిలో ఉంటే పాఠం మొదలుపెట్టవచ్చు. సుబ్బరాజుగారు చేసిందీ పాడి వినిపించడమే. పొరుగింటి తమిళులు పాడే త్యాగరాజ కృతులు మనవే కాబట్టి, కూటమి భాష దాటి పెరగడానికీ అక్కడ వీలుంది.

దీవుల్లో వాయిద్యానికి మాత్రం అదనపు సంరక్షణ కావాలి. ఉప్పుగాలికి, తేమకు ఉక్కు తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తీగలను, మెట్లను తుడవాలి. పెట్టెలో తేమ పీల్చే సిలికా పొట్లాలు ఉంచాలి. సన్న తీగలు ముందు తెగుతాయి కాబట్టి విశాఖ నుంచో చెన్నై నుంచో వచ్చేవారితో రెండు సెట్లు తెప్పించుకోవడం మేలు. తీగలన్నీ ఒకేసారి విప్పకూడదు. మామూలు మాండలిన్‌లో తీగలను మోసే గుర్రాన్ని అతికించరు, తీగల బిగువే దాన్ని నిలబెడుతుంది. గుర్రం చోటు తప్పితే మెట్ల మీద స్వరాలన్నీ తప్పుతాయి. ఒక్కో తీగే మార్చుకోవాలి.

శ్రీనివాస్‌ను తలుచుకోవడానికి ఆయన రికార్డులు వినడం ఒక దారి. నలుగురిని పోగేసి, ఒక శ్రుతి కుదుర్చుకుని, మాయామాళవగౌళ పాడుతూ మీటడం అంతకంటే మంచి దారి. రాగం చెవికి పట్టినకొద్దీ ఆయన వాయించినదాంట్లో కొత్త సంగతులు వినిపిస్తాయి. కచేరీ వేదిక ఎక్కని వాయిద్యగాడికి ఆ వినికిడే పెద్ద సంపాదన. దానికి ఒక మాండలిన్, ఒక గొంతు, కలిసి కూర్చునే ఓపిక ఉంటే చాలు.