వయసుంది, పేరు లేదు

అలెక్స్ హేలీ నవల ‘ఏడు తరాలు’ను ఇంకా నెత్తిన పెట్టుకోవడమెందుకని ఈ వారం ఒక పుస్తకాల సభలో ఓ కుర్రాడు లేచి అడిగాడు. నవలలోని కుంటా కింటే బానిసగా అమెరికాలో ఓడ దిగింది 1767లో అని హేలీ రాశాడు. కానీ హేలీ తన పూర్వీకుడు కుంటా కింటేగా చూపించిన టోబీ అనే బానిస అంతకుముందే వర్జీనియా రికార్డుల్లో ఉన్నాడని వంశచరిత్రకారులు 1981లో తేల్చారు అన్నాడు. కుర్రాడు చెప్పింది నిజమే. అయినా నాకు ఒళ్లు మండింది. సహవాసి అనువాదం చదివి కన్నీళ్లు పెట్టుకున్న తరం మాది.

రికార్డుల విలువ నాకు తెలియక కాదు; పాత దస్తావేజులు చింపకండని ఈ కాలమ్‌లో మొత్తుకుంటూనే ఉంటాను. అయితే 1850, 1860 నాటి అమెరికా జనాభా లెక్కల్లో బానిసల పట్టీలు చూడండి. యజమాని పేరుంటుంది. దాని కింద వయసు, ఆడో మగో, ఒంటి రంగు. ఏ కొద్దిచోట్లో తప్ప మనిషి పేరు లేదు. విముక్తులైనవాళ్లలో ఎక్కువమంది పేరుతో లెక్కకెక్కింది 1870లోనే. అక్కడినుంచి వెనక్కి వెళ్లాలనుకునే మునిమనవలకు అవ్వ చెప్పిన మాట తప్ప ఏం దిక్కు?

దిక్కు ఉంది. విముక్తుల కోసం 1865లో ఒక పొదుపు బ్యాంకు పెట్టారు. ఖాతాదారుల్లో చాలామందికి సంతకం రాదు. రేపు డబ్బు తీసుకోవడానికి వచ్చేది ఆ మనిషేనని పోల్చుకోవాలి కదా! అందుకని గుమస్తా ఎక్కడ పుట్టావు, అమ్మానాన్నలెవరు, తోబుట్టువులెవరు అని అడిగి రాసుకునేవాడు. ఒక్కోసారి పాత యజమాని పేరూ రాసేవాడు. చిన్నప్పుడే ఎక్కడికో అమ్ముడైపోయిన అన్నలు, అక్కలు అలా ఆ చిట్టాల్లో దొరుకుతారు. 1874లో బ్యాంకు మూతపడింది. 61,000 మందికి పైగా నష్టపోయారు. బట్టలుతికి, పొలం దున్ని దాచుకున్న డబ్బది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. చిట్టాలు మాత్రం మిగిలాయి. యూటా జైల్లో ఖైదీలు ఏళ్ల తరబడి కూర్చుని వాటిలోని పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. 2001లో అవి జనానికి అందాయి. సుమారు 4,80,000 పేర్లు!

అవ్వ చెప్పింది చాలు, కాగితం ఎందుకు అని ఇక నేననలేను. ఆ గుమస్తా ఎదుట నిలబడి చెప్పినవాళ్లు తమ అమ్మ పేరే రాయించారు, ఇంకెవరి పేరో కాదు. హేలీ నవలను నేను మళ్లీ చదువుతాను, చదవమనీ చెబుతాను. కానీ 1767కి ముందే రికార్డుకెక్కిన ఆ టోబీ కూడా ఒక తల్లి కన్నబిడ్డే. కుంటా కింటేగా మనం చదువుకున్నంత మాత్రాన ఆయన సొంత కథ అవసరం తీరిపోదు. ఎక్కడ పుట్టాడో, పిల్లలు ఎవరో ఆయన పేరు మీదే వెతకాలి.