ఎర్ర చుక్క మీటా, ఊళ్ళు తిరిగిన క్యాసెట్టూ

డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న సినిమా గడువు తీరిందంటూ ఫోన్‌లోంచి దానంతటదే మాయమైపోవడం ఈ వారం ఈ కాలమ్‌కి ఒళ్ళు మండించింది. చందా కట్టిందీ ఇంటివాళ్ళే, ఫోను కొన్నదీ ఇంటివాళ్ళే. చెరిపేసే అధికారం మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీది. కొన్న వస్తువు కొన్నవాళ్ళ మాట వినాలన్నది ఈ కాలమ్ పాత పట్టుదల. ఏ యంత్రం గురించి మొదలుపెట్టినా చివరికి అక్కడికే చేరుతుందని ఎప్పుడూ చదివేవాళ్ళకు తెలుసు. ఆ లెక్కన చూస్తే మాట విన్న యంత్రం వీసీఆర్.

క్యాసెట్ వెన్ను మీద చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్‌లో ఇంకేమీ రికార్డు కాదు. మనసు మారితే ఆ కంత మీద సెల్లోటేపు ముక్క అంటించడమే. ఉంచాలా చెరపాలా అన్నది పూర్తిగా ఇంట్లోవాళ్ళ ఇష్టం. ఆ ఇష్టం కోసం అమెరికాలో పెద్ద పోరాటమే జరిగింది. టీవీ కార్యక్రమాలను ఇంట్లో రికార్డు చేసుకునే యంత్రం అమ్మినందుకు యూనివర్సల్ స్టూడియో సోనీ మీద కేసు వేస్తే, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని 1984 జనవరి 17న 5–4 మెజారిటీతో తీర్పు వచ్చింది. కాబట్టి వీసీఆర్ సుగుణాల్లో మొదటి మార్కులు ఎర్ర చుక్క ఉన్న రికార్డు మీటకే పడాలి.

మరి కోనసీమలోని ఐనవిల్లి లాంటి ఊళ్ళో ఆ మీటతో ఎంత పని పడింది?

ఆ రోజుల్లో ఉన్నది ఒక్క దూరదర్శన్. ఒక ఛానల్ చూస్తూ ఇంకోటి రికార్డు చేద్దామంటే ఆ ఇంకోటి లేదు. 1987 జనవరి 25న ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి జనం టీవీ ముందే ఉండేవాళ్ళు. కరెంటు పోతే టీవీతో పాటు రికార్డరూ ఆగిపోయేది. పోయిన కరెంటు తిరిగొస్తే, బ్యాటరీ లేని మోడళ్ళలో గడియారం సున్నాల దగ్గర మిణుకుమిణుకుమంటూ నిలబడేది. పెట్టిన టైమర్ గల్లంతే. అందుకే చాలామంది రికార్డింగే లేని వీసీపీతో సరిపెట్టుకున్నారు. అదీ లేనివాళ్ళు టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు కలిపి రాత్రికి అద్దెకు తెచ్చుకునేవాళ్ళు.

లోపాల చిట్టా చిన్నదేం కాదు. బొమ్మలో స్పష్టత 240 గీతలకు మించేది కాదు. ఎర్రచీర రంగు అంచు దాటి పాకేది. మూత తీసి చూస్తే లోపల కాస్త వాలుగా, నిగనిగలాడుతూ హెడ్ డ్రమ్ము. అది నిమిషానికి 1,500 సార్లు తిరుగుతూ తలవెంట్రుక కన్నా సన్నటి గీతల్లో బొమ్మను టేపు మీద రాస్తుంది. తుడిచేటప్పుడు గుడ్డను కదపకుండా ఆనించి డ్రమ్మునే చేత్తో తిప్పాలి. పైకీ కిందకీ రుద్దితే హెడ్ మొన విరుగుతుంది. గోదావరి గాలి తేమకు కొన్ని మిషన్లలో ‘డ్యూ’ లైటు వెలిగేది. లోపల ఆరేదాకా అది టేపును ముట్టదు. బీరువాలో దాచిన క్యాసెట్‌కి తెల్లటి బూజు పట్టేది. వరదలూ, 1996 నవంబరు 6 నాటి తుపానూ చూసిన కోనసీమలో టేపును నమ్మి జ్ఞాపకాలు దాచడం కష్టమే. గడువు తీరితే ఫోను చెరిపేస్తుంది, చెమ్మ తగిలితే టేపు తానే చెడుతుంది.

మరి అంత ఖరీదైన యంత్రాన్ని జనం ఎందుకంత ప్రేమగా తెచ్చుకున్నారు?

సంగతంతా గల్ఫ్‌లో ఉంది. కువైట్, దుబాయ్, ఖతార్ వెళ్ళిన కోనసీమవాళ్ళు సెలవుకొస్తూ తెచ్చిన సామానులో టూ ఇన్ వన్ తర్వాత గొప్ప వస్తువు వీసీఆరే. చెల్లెలి పెళ్ళికి రాలేకపోయిన అన్నకు పెళ్ళి క్యాసెట్టే ఉత్తరం. ఊరికొచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ పెట్టెలో, ఆవకాయ సీసా పక్కన, అది ముక్తేశ్వరం రేవు దాటి, ఎడారి దాకా పోయేది. టీవీ బొమ్మకు ఇక్కడా పాల్ పద్ధతే, కువైట్‌లోనూ పాల్ పద్ధతే కనుక అక్కడ హాయిగా ఆడేది. అప్పట్లో సౌదీలో సెకామ్ పద్ధతి ఉండేది. అక్కడి టీవీ నుంచి రికార్డు చేసినది మామూలు పాల్ మిషన్‌లో రంగు లేకుండా వచ్చేది. అమెరికా క్యాసెట్ ఎన్‌టీఎస్‌సీ. అది పాల్ ఒక్కటే తెలిసిన మిషన్‌లో బొమ్మ నిలిచేది కాదు. గల్ఫ్ దుకాణాల్లో మల్టీ సిస్టమ్ మిషన్లకు అంత గిరాకీ అందుకే.

అన్ని ఇళ్ళలోనూ ఒకే రకం క్యాసెట్ ఆడడం మాత్రం ఊరికే రాలేదు. 1975లో సోనీ తెచ్చిన బీటామ్యాక్స్‌లో మొదట్లో గంటే పట్టేది. 1976లో జేవీసీ తెచ్చిన వీహెచ్‌ఎస్‌లో రెండు గంటలు. తర్వాత మనకొచ్చిన 180 నిమిషాల క్యాసెట్‌లో రెండున్నర గంటల తెలుగు సినిమా మొత్తం ఇమిడేది. జేవీసీ తన పద్ధతిని ఇతర కంపెనీలకూ ఇవ్వడంతో నేషనల్, అకాయ్, హిటాచీ, షార్ప్ అన్నీ అవే క్యాసెట్లను ఆడించాయి. 1988లో సోనీ కూడా వీహెచ్‌ఎస్ మిషన్లు చెయ్యక తప్పలేదు.

కాబట్టి మొదటి మార్కులు మీటకు కాదు. ఒకరి ఇంట్లో నింపిన క్యాసెట్ ఇంకెవరింట్లోనైనా ఆడడం, అదీ వీసీఆర్ గొప్పతనం. సొంత వస్తువు మీద అధికారం ఎంత ఉన్నా, పక్కింటి మిషన్ దాన్ని చదవలేకపోతే పెళ్ళి చూసేది ఒక్క ఇల్లే. ఈ కాలమ్ పాత పట్టుదలలో ఈ రెండో సగానికి ఇన్నాళ్ళూ చోటు లేదు. ఇక నుంచి ఉంటుంది.

వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా నిలిచిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. అటక మీద క్యాసెట్లున్న ఇళ్ళు ఇక ఆలస్యం చెయ్యకూడదు. క్యాసెట్ మీది కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడాలి. తెల్లమచ్చలుంటే మిషన్‌లో పెట్టకుండా ముందు శుభ్రం చేయించాలి, లేకపోతే ఆ బూజు హెడ్‌కి అంటుకుంటుంది. మూడు గంటల క్యాసెట్ కాపీకి మూడు గంటలూ పడుతుంది గనుక వరస ముఖ్యం. సినిమాలు వేరేచోట దొరుకుతాయి. ముందు పెళ్ళిళ్ళూ, గృహప్రవేశాలూ, ఇప్పుడు లేని పెద్దవాళ్ళ గొంతులున్నవీ కాపీకి ఇవ్వాలి. ఏ ఫోన్‌లోనైనా ఆడే ఎంపీ4 ఫైలే అడిగి తీసుకోవాలి. ఒక కాపీ ఇంట్లో ఉంచి, ఇంకోటి ఊరు దాటిన పిల్లల దగ్గర పెట్టాలి.