అత్తా, నా కత్తేదీ?

మా చెల్లెలి కొడుకులిద్దరికీ ఈ సెలవుల్లో వెలిగే కత్తులు చేసిపెట్టాను. టార్చిలైటే పిడి. దానికో ప్లాస్టిక్ గొట్టం, లోపల ట్రేసింగ్ కాగితం, పైన రంగు సెల్లోఫేన్. ఆ ట్రేసింగ్ కాగితం లేకపోతే వెలుగంతా కొసకు పారిపోతుంది, నడుమంతా చీకటే! పెద్దాడికి నీలం, చిన్నాడికి ఎరుపు. ఎరుపు దుష్టుడిదని తెలిసే అడిగాడు, వెధవ.

ఈ పిచ్చికి మూలం 1977లో వచ్చిన 'స్టార్ వార్స్'. పిల్లల పక్కన కూచుని మళ్ళీ చూశాను. కథానాయకుడి కత్తిపిడి నిజానికి పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ పిడి. ఆ 'జుమ్' మనే మోత కోసం బెన్ బర్ట్ ప్రొజెక్టరు మోటారు రొదనూ, టీవీ గొట్టం గురగురనూ కలిపాడు. అంటే వాళ్ళదీ మన అట్టకత్తుల వంశమేనన్నమాట! పాత సామానుతో చేసిన ఆ మాయ నాకు కథకంటే ఎక్కువ నచ్చింది. కథ మన జానపద చిత్రాలదే: చెరలో రాకుమారి, విడిపించే పల్లెటూరి కుర్రాడు.

కానీ ఆ రాకుమారి లేయా సామాన్యురాలు కాదండీ. తుపాకీ పేలుస్తుంది, రక్షించడానికొచ్చినవాళ్ళకే దారి చూపిస్తుంది. కత్తి మాత్రం ఆమె చేతికివ్వలేదు. 1983 దాకా మూడు సినిమాలు తీసీ ఇవ్వలేదు. ఆ వరుసలో కథానాయిక చేతిలో అది వెలగడానికి 2015లో రే రావలసి వచ్చింది.

ఇంత కోపంగా వ్రాస్తూంటే మా తమ్ముడి కూతురొచ్చి నిలబడింది.

"అత్తా, బావలకిచ్చావు. నా కత్తేదీ?"

నిజం చెప్పొద్దూ, దానికి బొమ్మకు గౌను కుడదామనుకున్నాను. కలం మూసి, "ఏ రంగే?" అన్నాను.

"ఊదా."

మా వీధి కొట్లో ఊదా కాగితం లేదు. ఎరుపు మీద నీలం చుట్టి చూస్తున్నాను.