మంచు మీద తొలి చాలు

రైనియర్ పర్వతానికి దక్షిణాన, లోయకు అవతల, టటూష్ అనే కొండల వరస ఉంది. శీతాకాలంలో అటు వెళ్ళాలంటే నారద జలపాతం దగ్గర కారు ఆపాలి. అవును, మన నారదుడే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న ఈ జలపాతానికి 1893లో టకోమా నగరపు దివ్యజ్ఞాన సమాజం వారు ఆ పేరు పెట్టారు. మొన్న మార్చిలో నలుగురు స్నేహితులం అక్కడి నుంచి పినాకిల్ సాడిల్ అనే కనుమ దాకా స్కీల మీద ఎక్కి దిగాం. దిగడం గురించి ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచింది మా ముందు నడిచిన మిత్రుడు తీసిన బాట గురించి.

ఎక్కేటప్పుడు స్కీ అడుగున స్కిన్ అంటిస్తాం. ఒకప్పుడు సీల్ తోలు, ఇప్పుడు మేక వెంట్రుకల మొహేర్ లేదా నైలాన్. దాని నూగు వెనక్కి వాలి ఉంటుంది కనుక స్కీ ముందుకు జారుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టుకుంటుంది. ఎంత మంచి స్కిన్ అయినా బాట మరీ నిటారుగా ఉంటే పట్టు తప్పుతుంది. అందుకే అసలు పనితనమంతా వాలు ఎంచుకోవడంలోనే ఉంది.

మా మిత్రుడు స్కీని ఎత్తి వేయడు, మంచు మీదే ఈడుస్తాడు. రిఫ్లెక్షన్ సరస్సులు దాటాక దాదాపు 320 మీటర్ల ఎక్కుడు. పొద్దున్నే పైపొర గట్టిగా గడ్డకట్టి ఉంది. అక్కడ స్కీ అంచుతో రెండు మూడుసార్లు తొక్కి, మా కోసం చిన్న గట్టు చెక్కినట్టు చేశాడు. చెట్ల కింద కొమ్మల నుంచి రాలిన మంచుముద్దలతో నేలంతా గుంటలు. వాటి మధ్యే సన్నగా, ఎగుడుదిగుడు లేకుండా దారి తిప్పాడు. ఎండ తగిలే మెత్తని మంచులో తడిసిన స్కిన్, నీడలోని పొడిమంచులో అడుగు పెట్టగానే గడ్డలు కడుతుంది. అది తెలిసినవాడు కాబట్టి నీడ మొదలయ్యే ముందే ఆగి, మైనపు ముక్క తీసి అందరి స్కిన్‌లకీ రుద్దించాడు.

"ఇంకాస్త నిటారుగా తీస్తే తొందరగా వెళ్ళిపోతాం కదరా?" అన్నాను.

"చివరివాడి ఊపిరి విను. వాడు మాట్లాడుతూ ఎక్కగలిగితేనే బాట కుదిరినట్టు."

నాకు ఆ మాటతోనే అతని పని అర్థమైంది. మలుపులు ఎక్కడ పెట్టాడో చూశాను. ప్రతి మలుపూ వాలు కాస్త తగ్గే చోటే ఉంది, కాళ్ళు మార్చుకుని తిరగడానికి చదునుగా తొక్కిన జాగా ఉంది. మా ఊళ్ళో తొలి చాలు తీసే రైతు కూడా ఇలాగే మడి అవతలి గట్టు మీద చూపు నిలిపేవాడు. ఆ చాలు వంకరపోతే వెనక వచ్చే చాళ్ళన్నీ వంకరే.

సాడిల్‌కు కాస్త కింద అతను చప్పున ఆగాడు. కర్రతో పొడిచి చూశాడు. చేత్తో చిన్న దిమ్మ కోసి పైనుంచి లాగాడు. గాలి పేర్చిన గట్టిపొర, కింది మెత్తని మంచు మీద పలకలా జారి చేతిలోకి వచ్చింది. ముప్పై డిగ్రీలు దాటిన వాలు మీద అలాంటి పొర మీదికి నలుగురు వెళ్ళకూడదు. మాటా పలుకూ లేకుండా బాటను పక్కనున్న చెట్ల గట్టు మీదికి మళ్ళించాడు. పది నిమిషాలు ఎక్కువ పట్టింది. ఆ పది నిమిషాల మళ్ళింపు నాకు ఆ రోజు మొత్తంలో అన్నిటికన్నా అందంగా కనిపించింది.

పైన రైనియర్ ఎదురుగా నిండుగా నిలబడి ఉంది. దిగేది కూడా ఆ చెట్ల గట్టు మీదుగానే. నీడలో పది మలుపులు పొడిమంచు, ఆ తర్వాత కాలు వేస్తే విరిగే పెంకు. రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసుకుని, పళ్ళు బిగబట్టి దిగాం.

సరస్సుల దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తే, తెల్లటి కొండ మీద ఆ బాట సన్నని గీతలా కనిపిస్తోంది. ఎవరో ఇద్దరు దాని మీద ఎక్కుతున్నారు. మూడో మలుపు దగ్గర, అతను చదును చేసిన జాగాలో ఒకరు ఆగి, కర్రల మీద ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నారు.