జెర్మేనియం జీర

రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పుకోవడానికి రెండు నాబులు. వెరసి 11. బ్యాటరీ, స్విచ్చు, సాకెట్లు పక్కనపెడితే, 1966లో లండన్‌లోని ఆర్బిటర్ సంస్థ అమ్మకానికి పెట్టిన ‘ఫజ్ ఫేస్’ గిటార్ పెడల్‌లో ఉన్న సరుకు ఇంతే. జిమీ హెండ్రిక్స్ కాలితో నొక్కి వాయించింది దీన్నే. జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న ఆనాటి పెడల్ ఇప్పుడు సామాన్య గిటారిస్టుకు అందే ధరలో దొరకదు. సర్క్యూట్ బొమ్మ మాత్రం ఎవరికైనా దొరుకుతుంది. అందుకే దాని నకలును ఇంట్లోనే కట్టుకునే వాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. అయితే బొమ్మలో ఉన్నట్టు పొల్లుపోకుండా కట్టినా ఆ మోత రాకపోవచ్చు. పనితనమంతా భాగాలను ఏరుకోవడంలోనే ఉంది.

అసలు ఫజ్ అనే ఆ జీర పుట్టిందే ఒక లోపంలోంచి. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ని నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా కన్సోల్‌లో ఒక ఛానల్ దెబ్బతిని, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ జీరబోయింది. దాన్ని అలాగే ఉంచేశారు. ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ జీరను కావాలనుకున్నప్పుడు పుట్టించే సర్క్యూట్ రూపొందించాడు. గిబ్సన్ దాన్ని 1962లో ‘మాయెస్ట్రో ఫజ్‌టోన్’గా బజారులోకి తెచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ వచ్చాక దానికి గిరాకీ అమాంతం పెరిగింది. అదే ఏడు లండన్‌లో గ్యారీ హర్స్ట్ ‘టోన్ బెండర్’ తయారుచేశాడు. ఆ తర్వాత వచ్చిన దాని రెండు ట్రాన్సిస్టర్ల రూపానికీ ఫజ్ ఫేస్‌కూ సర్క్యూట్‌లో తేడా దాదాపు లేదు. మనం అసలు అనుకుంటున్నదానికే ఇంకో అసలు ఉందన్నమాట.

పనిచేసే తీరు కష్టమైనదేమీ కాదు. గిటార్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను మొదటి ట్రాన్సిస్టర్ పెంచి రెండోదానికి ఇస్తుంది. రెండోది ఇంకా పెంచబోతుంది కానీ, 9 వోల్టుల బ్యాటరీ దాటి పోయే చోటు లేదు. అలల తలలు తెగిపోతాయి. ఆ తెగిన చోటే కొత్త హార్మోనిక్స్ పుట్టి స్వరం బొంగురుగా, నిండుగా, ఎక్కువసేపు నిలిచి వినిపిస్తుంది. జెర్మేనియం ఆ అంచులను కాస్త గుండ్రంగా వదులుతుందనీ, సిలికాన్ పదునుగా కోస్తుందనీ వాయించేవాళ్లంటారు.

జెర్మేనియంతో చిక్కు ఏమిటంటే, ఒకే నంబరు ముద్రించిన రెండు ట్రాన్సిస్టర్లు ఒకేలా ఉండవు. ఒక్కోదాని గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే శక్తి, ఒక్కో తీరు, పైగా అన్నీ ఎంతోకొంత కరెంటును లీక్ చేస్తాయి. లీకేజీని వేరుచేసి గెయిన్ కొలిచే పద్ధతిని ఆర్.జి. కీన్ ఫజ్ ఫేస్ గురించిన తన వ్యాసంలో వివరించాడు. ట్రాన్సిస్టర్ కలెక్టర్ దారిలో 2,472 ఓంల రెసిస్టెన్సు పెట్టి, దాని కొసల మధ్య వోల్టేజీ చూడాలి. బేస్‌ను దేనికీ కలపకుండా మీటరు 0.30 చూపిందనుకుందాం. అదంతా లీకేజీ. 2.2 మెగాఓంల రెసిస్టర్ ద్వారా బేస్‌కు కరెంటు ఇచ్చాక 1.10 అయింది. తేడా 0.80. వందతో గుణిస్తే 80, అదీ అసలు గెయిన్. ఈ తీసివేత చెయ్యకుండా చూస్తే 110 అని మోసపోతాం. వేళ్ల వెచ్చదనానికే అంకె పైకి పాకుతుంది కాబట్టి, అది దిగి నిలకడపడేదాకా ఆగాలి. మొదటి స్థానానికి 70-80, రెండోదానికి 110-130 గెయిన్ ఉన్నవి ఎంచుకోవడం కట్టేవాళ్లు ఇష్టపడతారు.

ఈ సరుకు మనకు కొత్తది కాదు. నకళ్లు కట్టేవాళ్లు వెతికే ఏసీ128 మన పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లోనూ ఉండేది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా దాన్ని తయారుచేసింది. మూలకు పడేసిన రేడియోను విప్పేటప్పుడు కాళ్లు పొడుగ్గా ఉండేలా తీసి, సోల్డరింగ్‌లో ఒక్కో కాలినీ క్లిప్పుతో పట్టుకుంటే వేడి లోపలికి పోదు. సాకెట్ పెట్టుకుంటే ఆ భయం కూడా ఉండదు, మార్చి మార్చి వినొచ్చు. ఇవి పీఎన్‌పీ రకం కనుక బ్యాటరీ పాజిటివ్ కొస గ్రౌండ్‌కు వెళుతుంది. మిగతా పెడళ్ల అడాప్టర్‌కే దీన్ని తగిలిస్తే షార్టవుతుంది.

చివరి పని బయాస్, అంటే సిగ్నల్ లేనప్పుడు ట్రాన్సిస్టర్ మీద ఉండే వోల్టేజీని కుదర్చడం. ఫ్యాక్టరీ రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 8.2 కిలోఓంల రెసిస్టర్‌ను ఖాయంగా బిగించేసింది. అక్కడ ఏ ట్రాన్సిస్టర్ పడితే పెడల్‌కు ఆ గొంతు వచ్చేది. ఇంట్లో కట్టేవాడు ఆ చోట తిప్పి మార్చుకునే రెసిస్టర్ అయిన ట్రిమ్‌పాట్ పెట్టి, కలెక్టర్ దగ్గర 4.5 వోల్టులకు అటూ ఇటూ తిప్పుతూ చెవికి నచ్చిన చోట ఆపుతాడు. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే జెర్మేనియం లీకేజీ రెట్టింపవుతుంది. ఏసీ గదిలో కుదిరిన బయాస్ మే నెల మిట్టమధ్యాహ్నం మేడ మీద చెదిరి, స్వరం చిట్లుతుంది. ట్రిమ్‌పాట్‌ను డబ్బా బయటికి తెచ్చి పెట్టుకుంటే ఎండను బట్టి సరిచేసుకోవచ్చు.

నకలు కుదిరిందో లేదో తేల్చే పరీక్ష పెడల్ మీద లేదు, గిటార్ మీద ఉంది. ఫజ్‌ను పూర్తిగా తెరిచి, గిటార్ వాల్యూం కొంచెం కొంచెం తగ్గించాలి. జీర కరిగి, తీగ గణగణమని స్వచ్ఛంగా మోగాలి. మళ్లీ పెంచితే గర్జించాలి. ఈ పరీక్షలో నెగ్గిన ఇంటి పెడల్, ఏరకుండా బిగించిన ఫ్యాక్టరీ పెడల్ కంటే ఒక మెట్టు పైనే. దీన్ని కట్టినవాడికి ఏ భాగం ఎందుకుందో తెలుసు. రుతువు మారినా, ట్రాన్సిస్టర్ పోయినా తానే సరిచేసుకోగలడు.