పాత్ మీద చెయ్యి వేసే ముందు

ఇన్‌స్టాలర్ రాసేవాళ్ల పని ఎవరి కంటా పడదు. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్, అంతే. కానీ తన ఫైళ్లు పెట్టుకోవడంతో ఆగకుండా, వాడేవారి మెషీన్‌లో అంతకుముందే ఉన్నవాటినీ కదిలించే ప్రోగ్రామ్ ఇన్‌స్టాలర్. అలా కదిలించేవాటిలో నాకు అన్నిటికన్నా భయం విండోస్ పాత్ వేరియబుల్ అంటేనే.

కమాండ్ ప్రాంప్ట్‌లో గిట్ అనో పైథాన్ అనో కొట్టగానే ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పేది పాత్. సెమీకోలన్లు పెట్టి ఫోల్డర్ల పేర్లన్నీ వరసగా రాసిన ఒకే ఒక్క స్ట్రింగ్. చాన్నాళ్లుగా వాడుతున్న డెవలపర్ మెషీన్‌లో అది వెయ్యి అక్షరాలు దాటడం మామూలే. ఇన్‌స్టాలర్లు తయారుచేసే టూల్ ఒకటి ఎన్‌ఎస్‌ఐఎస్, విన్‌యాంప్ మ్యూజిక్ ప్లేయర్ చేసిన నల్‌సాఫ్ట్ నుంచే వచ్చింది. దాని మామూలు బిల్డ్‌లో స్ట్రింగ్ హద్దు 1024 అక్షరాలు. స్ట్రింగ్ ముగిసిందని చెప్పడానికి చివర్లో పెట్టాల్సిన సున్నాకు ఒక చోటు పోతే మిగిలేది 1023.

హద్దు ఉండటాన్ని నేను తప్పుపట్టను. దాటాక జరిగేది చూడండి. రిజిస్ట్రీలోని పాత్ బఫర్‌లో పట్టకపోతే స్క్రిప్ట్ చేతికొచ్చేది ఖాళీ స్ట్రింగ్. ఎర్రర్ ఫ్లాగ్ లేస్తుంది, నిజమే. దాన్ని చూడని స్క్రిప్ట్ ఆ ఖాళీకే తన ఫోల్డర్ తగిలించి తిరిగి రాసేస్తుంది. పాత వరసంతా పోయి కొత్త ఫోల్డర్ ఒక్కటే మిగులుతుంది. క్రాష్ లేదు, ‘ఇన్‌స్టలేషన్ పూర్తయింది’ అని తెర కూడా వస్తుంది. ఎప్పుడో గిట్ పనిచేయక తల పట్టుకున్న మనిషికి ఈ ఇన్‌స్టాలర్ మీద అనుమానమే రాదు.

ఎన్‌ఎస్‌ఐఎస్‌లోనే 8192 అక్షరాలు పట్టే బిల్డ్ ఉందిగా అంటారు. ఉంది, వాడాలి కూడా. అయితే విండోస్ ఒక్కో వేరియబుల్‌కు 32,767 దాకా ఒప్పుకుంటుంది కనుక గండం వాయిదా పడిందంతే. పాత్‌ను విండోస్ సెట్‌ఎక్స్ కమాండ్‌తో మార్చేవాళ్లకూ 1024 దగ్గరే దెబ్బ: హెచ్చరిక చూపిస్తూనే కోసిన ముక్కను రాసేస్తుంది.

బిల్డ్ టూల్ సీమేక్ పాత ఇన్‌స్టాలర్ పద్ధతి నాకు నచ్చింది. పాత్ మరీ పొడుగుంది, మార్చలేనని చెప్పి దాన్ని ముట్టుకోకుండా వదిలేసేది. పూర్తిగా చదవలేకపోయిన ప్రోగ్రామ్‌కు తిరిగి రాసే హక్కు లేదు.

అందుకే టెస్ట్ మెషీన్‌లో పాత్‌ను 1022, 1023, 1024 అక్షరాలకు నింపి, ప్రతిసారీ ముందూ వెనకా పోల్చి చూస్తాను. అన్‌ఇన్‌స్టాలర్‌ను కూడా వదలను. అదీ పాత్ చదివి, తన ఫోల్డర్ తీసేసి, మిగతాది తిరిగి రాసేదే. దాన్ని పరీక్షించేవాళ్లు మాత్రం ఇంకా తక్కువ.