క్రియ వెంట ఏం రావాలి?

'ఐ ఫౌండ్ ద బుక్ ఈజీలీ' అంటే పుస్తకం తేలిగ్గా దొరికిందని. 'ఐ ఫౌండ్ ద బుక్ ఈజీ' అంటే చదువుతుంటే తేలిగ్గా అనిపించిందని. తెలుగులో రెండు చోట్లా 'తేలిగ్గా' అంటే సరిపోయింది చూడండి. పని జరిగిన తీరు చెప్పడానికీ, వస్తువు ఉన్న స్థితి చెప్పడానికీ మనకు ఒకటే 'గా'. ఇంగ్లీషు ఆ రెంటినీ విడదీస్తుంది: తీరుకు క్రియావిశేషణం, స్థితికి విశేషణం. సీమ్, లుక్, స్మెల్, టేస్ట్ లాంటి క్రియలు స్థితిని చెప్పేటప్పుడు వెంట విశేషణాన్నే కోరతాయి. 'మామిడిపండు తియ్యగా ఉంది' అనుకుని మన పిల్లవాడు 'టేస్ట్స్ స్వీట్‌లీ' అని రాస్తే అది అశ్రద్ధ కాదు, అమ్మభాష నేర్పిన తర్కం. ఆ సంగతి తెలిసిన మాస్టారు ఎర్రసిరా గీత గీసి ఊరుకోరు. 'హి లుక్డ్ యాంగ్రీ', 'హి లుక్డ్ అట్ మీ యాంగ్రిలీ' అని రెండూ పక్కపక్కన బోర్డు మీద రాస్తారు. మొదటిది మనిషి ఎలా కనిపించాడో చెబుతుంది, రెండోది నావైపు ఎలా చూశాడో చెబుతుంది.

ఇంతకన్నా చిక్కు 'టూ' దగ్గర వస్తుంది. ఆగమని చెప్పాడు, ఆగమని అడిగాడు, ఆగమని సూచించాడు. తెలుగులో చివరి క్రియ ఏదైనా 'ఆగమని' కదలదు. ఇంగ్లీషులో 'టోల్డ్ మీ టూ వెయిట్' సరే, 'ఆస్క్‌డ్ మీ టూ వెయిట్' సరే, 'సజెస్టెడ్ మీ టూ వెయిట్' మాత్రం చెల్లదు. 'సజెస్టెడ్ దట్ ఐ వెయిట్' అనాలి. పోనీ అర్థాన్ని బట్టి ఊహిద్దామా అంటే అదీ కుదరదు. ఫోర్స్, మేక్ రెండింటిలోనూ బలవంతం ఉంది. అయినా 'ఫోర్స్‌డ్ మీ టూ వెయిట్' అంటారు, 'మేడ్ మీ వెయిట్' అంటారు. వాయిస్ మార్చమంటే ఆ పోయిన 'టూ' తిరిగొస్తుంది: 'ఐ వాజ్ మేడ్ టూ వెయిట్'. మన పరీక్షల్లో పిల్లలు తరచూ తడబడే చోటిది.

మన శాస్త్రకారులు వాక్యంలో ఒక పదం మరో పదాన్ని కోరడాన్ని 'ఆకాంక్ష' అన్నారు. ఇంగ్లీషు క్రియల ఆకాంక్షలను ఓపికగా పట్టికలకెక్కించిన సంప్రదాయం జపాన్‌లో రూపుదిద్దుకుంది. 1922లో హెరాల్డ్ పామర్ అక్కడి విద్యాశాఖకు భాషా సలహాదారుగా వెళ్లి, మరుసటి ఏడు టోక్యోలో ఆంగ్లబోధన పరిశోధన సంస్థను నెలకొల్పారు. ఓయిటాలో పాఠాలు చెబుతున్న ఎ. ఎస్. హార్న్‌బీ తర్వాత ఆయనతో చేరారు. హార్న్‌బీ, మరి ఇద్దరు సహచరులు కూర్చిన నిఘంటువు 1942లో, యుద్ధం నడుమ, టోక్యోలోనే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని తీసుకుంది. మన ఇళ్లలోని ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే.

అందులో క్రియల తీరులను 25 నమూనాలుగా విభజించి, ప్రతి క్రియ పక్కన ఆ నమూనా అంకె వేశారు. అప్పటిదాకా నిఘంటువు మాటకు అర్థం చెప్పేది, వ్యాకరణ పుస్తకం సూత్రం చెప్పేది. ఏ సూత్రం ఏ మాటకు వర్తిస్తుందో వెతుక్కోవడం విద్యార్థి వంతు. హార్న్‌బీ ఆ రెంటినీ ఒకచోట కూర్చారు. ఇంగ్లీషు పుట్టిల్లు కాని దేశంలో, దాన్ని బయటినుంచి నేర్చుకునేవారి తప్పులను రోజూ చూసిన ఉపాధ్యాయుడికే ఆ అవసరం అంత స్పష్టంగా తెలుస్తుందని నా నమ్మకం. ఇంగ్లీషువాడికి 'సజెస్ట్' తర్వాత ఏం రావాలన్న సందేహమే రాదు కదా.

బోధనలో దీనికి తోడు మార్పిడి పట్టికలు. ఒక గడిలో కర్త, తర్వాత వాంట్, టెల్, అడ్వైజ్ లాంటి క్రియలు, ఆపై మనిషి పేరు, చివర 'టూ'తో మరో క్రియ. గడిగడికీ మాట మారుస్తూ పైకి చదివిస్తే సూత్రం చెప్పకుండానే నమూనా నోటికొస్తుంది. వల్లెవేతకు విలువిచ్చే మన బడులకు ఇది చక్కగా నప్పే పద్ధతి.

అంకెల గుర్తులు తర్వాతి కూర్పుల్లో పోయాయి. వాటి చోట 'టెల్ సమ్‌బడీ టూ డూ సమ్‌థింగ్' అని నమూనానే విడమరిచి రాస్తున్నారు. ఇప్పుడది ఫోన్‌లోనే దొరుకుతుంది. చాలామంది అర్థం చూసి మూసేస్తారు. ఆ నమూనా ఉండేది దాని పక్కనే.